తెగాల్సిన కుట్టు

షట్టరు ఎత్తి లోపల అడుగు పెట్టి, స్టాండు మీదున్న కారు సీటును చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న సాయంత్రం తాను వేసి వెళ్లిన కుట్టు అక్కడ లేదు. దాని చోట నాన్న కుట్టు ఉంది. లావు నైలాను దారం, చీమ దూరని దగ్గర కుట్టు, అది చాలదన్నట్టు పక్కనే ఇంకో వరస. గోరు పెట్టి గీకి చూసింది. ఇసుమంతైనా కదల్లేదు.

కదలకపోవడమే ఆ మనిషి గొప్ప. బజారంతా ఆయన్ని ఉడుంపట్టు మాస్టారంటుంది. సోఫా అయినా, బస్సు సీటైనా, సినిమా హాలు కుర్చీ అయినా ఆయన చెయ్యి పడిందంటే తోలు చిరగాలి గానీ కుట్టు విడదు. ఈ పట్టుదల వెనక ఓ కథ ఉంది. కుర్రతనంలో ఆయన కుట్టిన సోఫాలో ఒక పెద్ద ఆఫీసు మేనేజరు కూర్చోగానే అది ఫట్టున చిట్లి, ఆ మేనేజరు నడుం దాకా అందులో దిగబడిపోయాడట. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని పైకి లాగారట. ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మేనేజరు మర్చిపోయి ఉంటాడు, నవ్వినవాళ్లూ మర్చిపోయి ఉంటారు, ఈయన మాత్రం మర్చిపోలేదు. ఆనాటి నుంచి దారం లావు చేశాడు, కుట్టు రెండు వరసలు చేశాడు.

కూతురు పనిలోకి వచ్చాక ఆమె కుట్టుకు వదులుకుట్టని పేరు పెట్టాడు. కుట్టుకు పెట్టిన పేరు మనిషికి అంటుకుంది. ఎదురుగా టీ కొట్టాయన కూడా "వదులుకుట్టమ్మా, టీ పంపనా?" అనే దాకా వచ్చింది. ముద్దుగానే అంటారు. ముల్లుకు తేనె రాసి గుచ్చితే మాత్రం నొప్పెయ్యదా?

సోఫాల మీద ఆమె వేసిన కుట్టు ఆయన విప్పి మళ్లీ వేసిన రోజులు లెక్కలేనన్ని. పళ్లు నూరుకుంది గానీ ఊరుకుంది. ఈ కారు సీట్లు మాత్రం తనవనుకుంది. స్పోర్ట్స్ కార్లంటే నాన్నకు గిట్టదు. నేలను కరుచుకుని పోయే ఆ బండ్లను చూస్తే "ఎక్కాలంటే పాకాలి, దిగాలంటే దేకాలి" అని ఎకసెక్కం చేస్తాడు. అందుకని ఆ పని ఆమె నేర్చుకుంది. సీట్లు తయారుచేసే కంపెనీ పెట్టిన శిక్షణకు వెళ్లొచ్చింది. అక్కడ మొట్టమొదట చెప్పిన పాఠమే ఇప్పుడు స్టాండు మీద చచ్చి పడి ఉంది.

ఆ పాఠం చాలా చిన్నది. ఈ రకం సీట్లలో వీపు ఆనుకునే భాగం పక్కన, తోలు కింద, ఓ గాలి బ్యాగు మడత పెట్టి ఉంటుంది. పక్కనుంచి ఏదైనా వచ్చి గుద్దితే రెప్పపాటులో అది పొంగి బయటికొచ్చి, మనిషికీ తలుపుకీ మధ్య అడ్డం నిలవాలి. రావడానికి దానికి ఒకటే దారి, ఆ పక్కనున్న జానెడు కుట్టు. ఆ జానెడు మాత్రం సన్న దారంతో, ఎడం ఎడంగా వేయాలి. బ్యాగు తోస్తే తెగాలి. అది తెగడానికే పుట్టిన కుట్టు.

ఈ సీటు వచ్చిన కారు ఒక పళ్ల డాక్టరమ్మది. కూడలిలో సిగ్నలు తప్పించుకుని వచ్చిన వ్యాను తిన్నగా ఆవిడ తలుపుకే గుద్దింది. తలుపు లోపలికి ముడుచుకుపోయింది. సీటులోని బ్యాగు పొంగింది. ఆవిడ తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్లి, ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేసింది. బండి మాత్రం పక్క షెడ్డులోని మెకానిక్ దగ్గరికి చేరింది. నాన్నకు పాత స్నేహితుడు, ఆమెకు బాబాయి వరస.

"బెల్టులూ బ్యాగులూ అన్నీ కొత్తవంటే ఆ డబ్బుకు ఇంకో చిన్న కారొస్తుందమ్మా. ఎడం వైపు సీటులో బ్యాగు పేలనే లేదు, అదన్నా ఉంచేద్దాం" అన్నాడు బాబాయి డాక్టరమ్మతో.

"చిన్న కారొస్తుంది, నిజమే. పక్కటెముకలు ఏ షాపులో దొరుకుతాయో కూడా చెప్పండి, అక్కడికే వెళ్తాను" అంది ఆవిడ.

బాబాయి ఆవిడ చెప్పినట్టే అన్నీ తెప్పించాడు. బెల్టులు కొత్తవి, బ్యాగులు కొత్తవి, దెబ్బను పసిగట్టే పెట్టె కొత్తది, సీట్లు రెండూ కొత్తవి, వాటికి తోలు కుట్టే పని ఈ కొట్టుది. ఎక్కడా కక్కుర్తి లేదు, నకిలీ లేదు. అంతా చేసి, చివరికి జానెడు కుట్టు దగ్గర బూడిదలో పోసిన పన్నీరయింది. సాయంత్రం ఆవిడ వచ్చి ఇదే సీటులో కూర్చుని బండి తోలుకుని వెళ్తుంది.

నాన్న వచ్చాడు. చొక్కా కొక్కేనికి తగిలించి, కూతురి వైపు చూశాడు.

"ఏమే, పొద్దున్నే ఆ మొహం ఏంటి?"

"ఈ కుట్టు ఎవరు విప్పమన్నారు నిన్ను?"

"విప్పడమా? ఊదితే ఊడొచ్చింది. నువ్వెళ్లాక ఊరికే వేలు పెట్టి లాగాను, పటపటా తెగింది. అంత ఖరీదైన బండికి అదా కుట్టు? నా పరువేం కాను?"

"అది తెగాలి నాన్నా! తెగడానికే వేశాను! మొన్న చెప్పాను, అటుమొన్న చెప్పాను, భోజనాల దగ్గర చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నీకు చెప్పడం!"

"తెగడానికి కుట్టేవాణ్ణి దర్జీ అనరు, దగాకోరు అంటారు" అన్నాడు ఆయన, మెషినుకు నూనె వేస్తూ. "కంపెనీవాళ్లకేం, దారం మిగుల్చుకోడానికి సవాలక్ష చెబుతారు. అంత జోరుగా పొంగే సంచికి నా కుట్టు అడ్డమా? గాలి దాని దారి అది చూసుకుంటుంది."

"నా కుట్టు ఏనుగునైనా ఆపుతుందని ఊరంతా చాటుకుంటావుగా. బ్యాగు దగ్గరికొచ్చేసరికి ఆపదా?"

ఆయన చేతిలో నూనె డబ్బా ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ వేయడం మొదలుపెట్టాడు.

"నోరు బాగా లేస్తోంది" అన్నాడు.

ఆమె బల్ల మీది బ్లేడు తీసుకుని సీటు దగ్గరికి వెళ్లింది. ఆయన రెండు అంగల్లో వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. ముసలితనం వచ్చినా ఆ పట్టులో ఏ మార్పూ లేదు.

"ఈ కొట్లో నా కుట్టు మీద బ్లేడు పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు."

"నా కుట్టు మీద పెట్టినవాడు మాత్రం పుట్టి నా ఎదురుగానే నిలబడ్డాడు! వదులు నాన్నా, చెయ్యి నొప్పెడుతోంది."

ఆయన వదిలాడు గానీ సీటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన అటు తిరిగినప్పుడు చడీచప్పుడు లేకుండా విప్పేసి తన కుట్టు వేయడం ఆమెకు చేతకాక కాదు. కానీ తప్పు చేసినవాడు దర్జాగా నిలబడితే, ఒప్పు చేసేవాళ్లు దొంగల్లా చేయాలా? పైగా ఆమె ఇంటికి వెళ్లగానే ఆయన మళ్లీ విప్పడని ఏమిటి నమ్మకం?

ఈ అరుపులకు మెకానిక్ బాబాయి వచ్చాడు. షెడ్డు ఇవాళ ఆలస్యంగా తెరిచాడు. సీట్లు పట్టుకెళ్లి బిగించాలని వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరి మాటలూ విన్నాడు. ఇటు చూస్తే స్నేహితుడు, అటు చూస్తే కూతురులాంటి పిల్ల. గోడ మీద పిల్లిలా కాసేపు తటపటాయించి, చివరికి ఎప్పటిలాగే తేలిక వైపు దూకాడు.

"ఈసారికి పోనియ్యమ్మా. పెద్దాయన మాట ఎందుకు కాదనడం? ఆ బండి మళ్లీ గుద్దుకుంటుందా ఏంటి?"

నాన్న మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, ఈ మాట మీద వచ్చిన కోపం ఒక ఎత్తు.

"గుద్దుకోదా? రాసిస్తావా బాబాయ్? గుద్దుకోదని అంత నమ్మకమైతే ఆవిడ చేత బెల్టులెందుకు కొనిపించావు? బ్యాగులెందుకు కొనిపించావు? రెండు తాళ్లు కట్టి పంపించాల్సింది! సొమ్ము పోసి ప్రాణం కొనుక్కుంది ఆవిడ. మనం దాన్ని తీసుకెళ్లి తోలులో పెట్టి సమాధి కట్టాం. పైగా గట్టిగా కట్టామని గర్వం!"

నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూశాక మాటలతో అయ్యే పని కాదని ఆమెకు తెలిసిపోయింది.

"బాబాయ్, ఆ బండి పాత ఎడం సీటు ఏది?"

"పెరట్లో ఉంది. అందులో బ్యాగు పేలలేదుగా, అలాగే పారేస్తే చెత్త ఏరుకునేవాళ్ల మొహం మీద పేలుతుంది. వైరూ బ్యాటరీ పెట్టి నేనే పేల్చెయ్యాలి. తీరికే దొరకట్లేదు."

"ఇవాళ దొరుకుతుంది" అంది ఆమె. తండ్రి వైపు తిరిగింది. "ఆ సీటుకు నీ చేత్తో నీ కుట్టు వెయ్యి. నీకు తెలిసినంత గట్టిగా వెయ్యి. తర్వాత పేలుద్దాం."

ఆయన కళ్లు మెరిశాయి. పందెమంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

"నా కుట్టు తెగిందంటే ఇక మెషిను ముట్టను. సరేనా?"

"తెగకపోతే?"

"తెగకపోతే ఏముంది, నేను గెలిచినట్టు" అన్నాడు ఆయన. ఆ ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు.

మెకానిక్ బాబాయి బ్యాగు జోలికి పోకుండా తోలు విప్పదీసి ఇచ్చాడు. నాన్న దాన్ని మెషిను మీద పరిచి, లావు దారం ఎక్కించాడు. ఆయన కుట్టడం ఆమె చూడకూడదనుకుంది, చూసింది. తోలు ఆయన వేళ్ల కింద ఒక్క ముడత లేకుండా జారుతోంది. మెషిను ఒకే లయలో నడుస్తోంది. గీత గీసినట్టు వరస మీద వరస పడుతోంది. అంత చక్కటి పని చేసే చేతుల మీద కోపం నిలవనందుకు ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

సీటుకు తోలు మళ్లీ తొడిగి, షెడ్డు వెనక పెరట్లో నేలకు బిగించారు. బాబాయి పొడుగాటి వైర్లు లాగి, గోడ చాటుకు బ్యాటరీ తెచ్చాడు. ముగ్గురూ గోడ వెనక నిలబడ్డారు. నాన్న చేతులు కట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలా ఠీవిగా నిలబడ్డాడు.

"చెవులు మూసుకోండి" అన్నాడు బాబాయి.

పేలుడు గుండెల్లో తగిలింది. షెడ్డు రేకులు గడగడలాడాయి. ఎక్కడివో కాకులు లేచి అరిచాయి. పొగ, కాలిన వాసన, సన్నటి తెల్లపొడి.

అందరికన్నా ముందు నాన్నే వెళ్లాడు. సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కుట్టు మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు.

"నిలిచింది!" అన్నాడు. "ఒక్క పోగు తెగలేదు. చూడవే, రా! ఒక్క పోగు!"

ఎవరూ రాలేదు. బాబాయి సీటు వెనక వైపుకి వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. ఆయన మొహం చూసి నాన్న కూడా లేచి వెనక్కి వెళ్లాడు.

సీటు వీపు పగిలి ఉంది. దారి దొరకని బ్యాగు లోపలే పొంగి, ఫోమును పిండి చేసి, వెనకనున్న ప్లాస్టిక్ అట్టను చీల్చుకుని బయటికి వచ్చింది. సగం చినిగి వెనక్కి వేలాడుతోంది. పగిలిన అట్ట ముక్క ఒకటి ఎగిరి గోడ పెచ్చు ఊడగొట్టింది. మనిషి కూర్చునే వైపు, తలుపు ఉండాల్సిన వైపు ఏమీ లేదు. అక్కడ ఆ అందమైన కుట్టు మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

"వ్యాను వచ్చిన రోజున డాక్టరమ్మ సీటుకు ఈ కుట్టే ఉండుంటే..." అని బాబాయి మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు.

ఆమె ఇందాకటి నుంచీ నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. గెలిచానన్న సంతోషం కూడా రాలేదు. కొట్లోకి వెళ్లి బ్లేడు తీసుకుని, డాక్టరమ్మ సీటు ముందు కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు. ఆ దారం తెగడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒక్కొక్క పోగునూ కొరికినట్టు కోయాల్సి వచ్చింది.

నాన్న నెమ్మదిగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పసుపు బండి" అన్నాడు.

"ఏ పసుపు బండి?"

"ఆ కుర్రాడిది. ఎండాకాలంలో కుట్టావు చూడు, దానిది. ఆ తెల్ల బండిది కూడా."

ఆమె చేతిలో బ్లేడు ఆగిపోయింది. "వాటికేమైంది? అవి నేను కుట్టాను."

"నువ్వు కుట్టావు. నువ్వు ఇంటికెళ్లాక నేను విప్పి మళ్లీ కుట్టాను" అన్నాడు ఆయన నేల చూస్తూ. "చూస్తే చిన్నబుచ్చుకుంటావని, పొద్దున నువ్వు రాకముందే మోసుకెళ్లి షెడ్డులో దింపేసేవాణ్ణి."

అదన్నమాట. కారు సీట్లు కుట్టినప్పుడల్లా తెల్లారేసరికి నాన్నే వాటిని షెడ్డుకు చేర్చేవాడు. మోకాళ్ల నొప్పులతో పాపం తనకు సాయం చేస్తున్నాడని ఆమె మురిసిపోయింది. అమ్మతో చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. ఇవాళ షెడ్డు ఆలస్యంగా తెరిచారు కాబట్టి గానీ, ఈ సీటూ అలాగే వెళ్లిపోయేది. ఈ కొట్లోంచి తన కుట్టు ఒక్కటంటే ఒక్కటి బయటికి వెళ్లలేదు. వెళ్లినవన్నీ మనుషుల పక్కన, లోపల ప్రాణం పెట్టుకుని, బయట తాళం వేసుకుని తిరుగుతున్నాయి.

లేచి నిలబడింది. బ్లేడు బల్ల మీద పెట్టేసింది, ఎందుకైనా మంచిదని.

"నా మీద నమ్మకం లేకపోతే పనిలోంచి తీసెయ్యాల్సింది నాన్నా. ఇంట్లో కూర్చోబెట్టాల్సింది. వాళ్లేం చేశారు నిన్ను? సీటు కుట్టించుకోడానికి వచ్చారు. అంతేగా వాళ్లు చేసింది?"

ఆమె ఫోను తీసి, పసుపు బండి కుర్రాడి నంబరు కలిపి, స్పీకరు పెట్టి తండ్రి చేతికిచ్చింది.

"మాట్లాడు."

"నువ్వే చెప్పవే. ఆ బ్యాగుల సంగతి నాకేం తెలుసు?"

"పెరట్లో చూసొచ్చావుగా. అదే చెప్పు."

అవతల కుర్రాడు ఎత్తాడు. వెనకనుంచి గాలి హోరు వినిపిస్తోంది.

"మాస్టారూ! నమస్తే! ఎలా ఉన్నారు?"

"బాబూ, ఒకసారి బండి కొట్టుకు తీసుకురావాలి. ఆ సీటు కుట్టు..."

"సీటుకేం మాస్టారూ, అద్దిరిపోయింది! మావాళ్లందరూ లాగి లాగి చూశారు, ఇంచు కదల్లేదు. ఇప్పుడు మా అమ్మ పక్క సీట్లోనే ఉంది, తనూ అదే అంటోంది. ఊరెళ్తున్నాం. హైవే మీద ఉన్నా, వచ్చాక ఫోన్ చేస్తా."

"అది కాదు బాబూ, విను. బండి ఆపు."

"ఏమైంది? కుట్టు విడిపోతుందా ఏంటి? మీ కుట్టు విడవడమేంటి మాస్టారూ, జోకా?" కుర్రాడు పగలబడి నవ్వాడు. వెనకాల తల్లి నవ్వు కూడా వినిపించింది.

నాన్న మెడ నరాలు పొంగాయి.

"నవ్వకు! విడిపోదు, అదే చెబుతున్నాను! విడిపోదు కాబట్టే మీ ఇద్దరికీ బ్యాగులు లేనట్టు లెక్క! ఎంత చెప్పినా ఎక్కదేం నీకు?"

అరిచి, ఆయన తనకు తానే ఉలిక్కిపడ్డాడు. అవతల నవ్వు ఆగింది. గాలి హోరు మాత్రం ఆగలేదు. నాన్న ఒకసారి కూతురి వైపు, ఒకసారి గుమ్మంలో నిలబడ్డ స్నేహితుడి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"బాబూ, నేను తప్పు కుట్టాను. ఈ పని నాకు రాదు. మా అమ్మాయికి వచ్చు. అది సరిగ్గా కుడితే, రాని నేను విప్పి చెడగొట్టాను. ఎవడైనా పక్కనుంచి గుద్దితే మీ అమ్మ పక్కనున్న బ్యాగు బయటికి రాదు. నీదీ రాదు. నీకు దణ్ణం పెడతాను, బండి పక్కకు తియ్యి."

తర్వాత ఇండికేటరు టిక్కుటిక్కుమంటూ వినిపించింది. గాలి హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. "ఆపాను మాస్టారూ" అన్నాడు కుర్రాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

"అక్కడే ఉండండి. బాబాయి బండేసుకుని వస్తాడు" అంది ఆమె. మెకానిక్ బాబాయి అప్పటికే తాళాల కోసం జేబులు తడుముకుంటూ షెడ్డు వైపు పరిగెత్తాడు.

నాన్న ఫోను ఆమెకిచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. మా అమ్మాయికి వచ్చు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఇన్నేళ్లూ చెవులు కాయలు కాసేలా ఎదురుచూసింది. వచ్చింది. వచ్చినా కోపం పిసరంతైనా తగ్గలేదు. ఆ మాట తెప్పించడానికి హైవే మీద ఒక తల్లీ కొడుకూ కావాల్సి వచ్చారు. దానికి మురిసిపోవడానికి ఆమెకు సిగ్గేసింది.

తెల్ల బండి వాళ్ల నంబరు వెతికి, నొక్కి, ఫోను మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"మళ్లీ అదంతా చెప్పాలా?" అన్నాడు ఆయన. "నాకు రాదనీ, అదీ..."

"అంతా" అంది ఆమె, బ్లేడు తీసుకుని సీటు ముందు కూర్చుంటూ. "గట్టిగా చెప్పు, నాకు వినపడాలి."